కంప్లెయింటు నిర్మల ల్యాప్‌టాప్

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇప్పలగుంపులో ఎవరికైనా ఈ సామెత గుర్తొస్తే, నిర్మలాదేవి వినే దూరంలో లేదని వెనక్కి తిరిగి చూసుకుని మరీ చెప్పేవారు. వింటే ఊరుకునే మనిషి కాదు. "ఊరు మంచిదైతే నా నోరెందుకు చెడ్డదైతది?" అని ఎదురడిగేది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. అందుకే ఆమె అంటే అంత మంట.

జూలూరుపాడు దాటి చండ్రుగొండ వైపు పోతుంటే అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. నిర్మల తండ్రి కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని వచ్చి ఇక్కడ నల్లరేగడి కొన్నాడు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. అయినా ఊరివాళ్ళకు కోపం వస్తే "ఆంధ్రోళ్ళు" అనేవాళ్ళు. ఆమెకు కోపం వస్తే వాళ్ళను ఏమనేదో ఇక్కడ రాయకూడదు. సత్తుపల్లి పక్క ఇచ్చి పెళ్ళి చేస్తే, ఏడాది కాపురం చేసి, ఒక పొద్దున ట్రంకు పెట్టె పట్టుకుని బస్సు దిగింది. ఎందుకొచ్చావని అడిగిన వాళ్ళకు "నీకెందుకు?" అని ఒకటే సమాధానం. తండ్రి పోయాక తల్లి బుల్లెమ్మ, ఆమె, పొలం, పెరట్లో బావి, ఆ బావికొక మోటరు మిగిలాయి.

ఆమెకు కంప్లెయింటు నిర్మల అని పేరొచ్చింది మాత్రం మోటర్ల వల్లే.

ఊరంతటికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ఇళ్ళ బల్బులైనా, బావుల మోటర్లయినా దాని మీదే బతకాలి. మోటర్లు తిరిగే కరెంటు రోజుకు కొన్ని గంటలే ఇస్తారు. అది ఒక వారం పగలొస్తుంది, ఒక వారం అర్ధరాత్రొస్తుంది. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో కనిపెట్టుకుని బావి దగ్గర కూర్చునేవాడెవడు? అందుకని ప్రతివాడూ మోటరుకు ఆటో బిగించుకున్నాడు. ఆటో అంటే చిన్న డబ్బా. కరెంటు రాగానే మనిషి అవసరం లేకుండా మోటరు తనంతట తనే ఎత్తుకుంటుంది. రైతు దుప్పటి ముసుగేసుకుని పడుకోవచ్చు. సుఖమే. కానీ కరెంటొచ్చిన క్షణాన ఊళ్ళో మోటర్లన్నీ ఒక్కసారిగా ఎత్తుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి? ఫ్యూజు ఎగిరిపోతుంది. పాపం ఎక్కువైతే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది.

నాలుగేళ్ళ కింద అట్లాగే కాలింది. కొత్తది వచ్చేలోపు నిర్మల మిరప నారు నిలువునా ఎండిపోయింది. ఆమె కరెంటు ఆఫీసుకు కాగితం రాసింది. ఆటోలు తీసేయించండి, మోటర్లు చేత్తో ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ నిలబడుతుంది అని. రాసిందాంట్లో తప్పేమీ లేదు. కానీ ఎవరెవరి బావికి ఆటో ఉందో పేరుపేరునా చెప్పింది. ఆఫీసువాళ్ళు వచ్చి ఆటోలన్నీ పీక్కుపోయారు, జుర్మానాలు వేశారు. ఆ వారం కరెంటు రాత్రిపూట. మోటరెయ్యడానికి చీకట్లో పోయిన వెంకటప్పయ్య భార్య బావిగట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వెంకటప్పయ్య అంటే ఊళ్ళో మాట చెల్లే రైతు. నిర్మల చిన్నప్పటినుంచీ ఆయన్ను మామా అని పిలిచేది. ఆ రోజుతో ఆ పిలుపూ పోయింది. నెల తిరిగేలోపు జూలూరుపాడులో మోటర్లు వైండింగు చేసే సర్వర్ భాయ్ దగ్గర అందరూ మళ్ళీ ఆటోలు కొనుక్కున్నారు. ఆటోలు తిరిగొచ్చాయి, తుంటి మాత్రం అతకలేదు.

అప్పటినుంచి ఊరు ఆమెను వెలివేయలేదు గానీ, వెలేసినా ఇంతకంటే బాగుండేది. బావి గట్టున ఆమె కనిపిస్తే మాట్లాడుకుంటున్న వాళ్ళు ఆగిపోయేవారు. కూలికి పిలిస్తే ఇంట్లో చుట్టాలొచ్చారనేవారు. ఆమె కూడా తక్కువ తినలేదు. ఎవరి గొడ్డు తన చేలో అడుగుపెట్టినా తోలుకెళ్ళి బందెలదొడ్లో కట్టేయించేది. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరికే ఉండవంటారు. ఆమెకు రెండూ ఉన్నాయి.

ఆ తిరిగే కాలే ఆమెను ఖమ్మం చేర్చింది. ముప్పై దాటిన వయసులో టైపు నేర్చుకుంది, తర్వాత కంప్యూటర్ నేర్చుకుంది. ఒక కోచింగ్ కాలేజీకి తెలుగు ప్రశ్నపత్రాలు టైపు చేసిచ్చే పని దొరికింది. ఆ కాలేజీ లెక్చరర్ ఒకాయన వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ కొనుక్కుంది. నల్లగా, ఇటుకంత మందాన ఉండేది. బ్యాటరీ ఏనాడో చచ్చింది. ప్లగ్గు పీకితే దీపం ఊదినట్టు ఆరిపోయేది. అయినా అది ఆమె సొత్తు. ఊళ్ళో ఒక్కరి ముఖం చూడకుండా, ఒక్కరి దగ్గర చెయ్యి చాపకుండా బతకడానికి ఆ నల్లడబ్బా ఒక్కటే దారి. అది ఊరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా మంట.

తొంభై ఎనిమిదో సంవత్సరం, పత్తి పగిలి మిరప పూతకొచ్చిన రోజులు. కాలేజీ నడిపే వెంకటరామారావు ఆమెను పిలిపించి, కుర్చీ కూడా చూపించకుండా, రబ్బరు బ్యాండు వేసిన ఫ్లాపీల కట్ట ఒకటి బల్ల మీద పడేశాడు.

"విండోస్ తొంభై ఐదు. మా దగ్గర అన్ని సిస్టమ్స్‌లో ఎక్కించాం. నీ పాతదాంట్లో చేసిన పేపర్లు ఇక్కడ తెరుచుకోవడం లేదు. సోమవారం టెస్టు పేపరు కొత్తదాంట్లో చేసి తీసుకురా."

"ఇవాళ శుక్రవారం సార్."

"తెలుసు. చేతకాకపోతే చెప్పమ్మా, స్టేషన్ రోడ్డులో సెంటర్ వాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారు. అసలు అడవిలోంచి పేపర్లు తెప్పించుకునే ఖర్మ నాకేంటి?"

ఖమ్మంలోనే ఎవరి చేతనైనా ఎక్కించుకోవచ్చు గదా అని మీరనవచ్చు. అక్కడ ల్యాప్‌టాప్ విప్పగలిగిన మెకానిక్ ఒక్కడే. వాణ్ని ఆమె నిరుడు వాడి షాపులోనే, నలుగురి ముందు దొంగ అన్నది. దొంగో కాదో మనకు తెలియదు, తలుపు మాత్రం మూసుకుపోయింది. ఇట్లా ఒక్కో తలుపూ తన చేత్తోనే మూసుకుంటూ వచ్చి, చివరికి ఆ ఫ్లాపీల కట్ట కొంగులో చుట్టుకుని ఊరి బస్సెక్కింది.

ఇంటికొచ్చి శనివారం పొద్దున, కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ మొదలుపెడుతూ, పాత పేపర్లన్నీ వేరే ఫ్లాపీల మీదికి ఎక్కించి భద్రం చేసింది. ఆ మాత్రం జాగ్రత్త ఆమెకుంది. అసలు చిక్కు కరెంటుతో. ఫ్లాపీలు డజనుకు పైనే ఉన్నాయి. ఒకటి మింగి అది అరిగించుకున్నాక ఇంకొకటి అడుగుతుంది యంత్రం. పాతది చెరిపి కొత్తది రాస్తున్న ఆ కాసేపట్లో కరెంటు గుటుక్కుమంటే ల్యాప్‌టాప్ అటూ కాకుండా ఇటూ కాకుండా పోవచ్చు. మోటర్ల కరెంటు లేని వేళ ఇళ్ళకొచ్చేది బల్బు తీగ కూడా ఎర్రబడని నీరసపు కరెంటు. మోటర్ల కరెంటున్న వేళ బలం ఉంటుంది, కానీ అది వచ్చీ రాగానే ఆటోలన్నీ ఎత్తుకుని ఫ్యూజు పోతుంది. ఎవడో గెడకర్ర పట్టుకుని పోయి వేస్తాడు, మళ్ళీ పోతుంది.

"రేపొక్క పూట ఆటోలు ఆపమని వెంకటప్పయ్యను అడగవే," అంది బుల్లెమ్మ. ఆమె మాట ఇంకా కృష్ణా జిల్లా మాటే. "మంచిగా అడిగితే కాదంటాడా?"

"నేను పోయి ఆయన కాళ్ళు పట్టుకోవాల్నా?"

"కాళ్ళెందుకు, నోరు పట్టుకో. నీ నోరు."

నిర్మల తల్లి వైపు గుడ్లురిమి చూసి, చెప్పులేసుకుని బయల్దేరింది.

వెంకటప్పయ్య వాకిట్లో పత్తి కుప్ప పోసి ఉంది. ఆయన, తండా నుంచి వచ్చిన మోతీలాల్ పక్కపక్కన కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. మోతీలాల్‌కూ ఊరి బావుల పక్కనే చేను, మోటరు ఉన్నాయి. గడపలో వెంకటప్పయ్య భార్య కాలు బార్లా చాపుకుని కూర్చుంది. నిర్మల ఆ కాలు చూడకుండా ఉండటానికి పత్తి కుప్పనే చూస్తూ నిలబడింది.

"రేపు పొద్దున మోటర్ల కరెంటొస్తది. నాకు కంప్యూటర్ల పనున్నది. మీ ఆటోలు ఎత్తుకుంటే ఫ్యూజు పోతది, నా పని పోతది. మధ్యాహ్నం దాకా బంద్ పెట్టుండ్రి."

వెంకటప్పయ్య తీరిగ్గా పొగ వదిలాడు. "అడుగుతున్నవా, ఆర్డరేస్తున్నవా?"

"ఎట్లనుకుంటె గట్ల."

"మా మోటర్లు మేమేసుకుంటం, మేమాపుకుంటం. నీకేంది నొప్పి? మిరపకు తడి గావాలె మాకు. నీ డబ్బా కోసం చేలు ఎండబెట్టుకోవాల్నా?"

"నాలుగేండ్ల సంది ఆటోలు పెట్టి ఊరును నాశనం జేస్తున్నది మీరు. ఒక్క పూట మనుషుల్లెక్క బతుకుండ్రంటే నొప్పి లేస్తున్నది."

"మనుషుల సంగతి నువ్వు జెప్పకు." ఆయన గొంతు పెరిగింది. భార్య కాలు వైపు చెయ్యి చూపించాడు. "గా కాలు జూడు. ఒక్కపారి చూసి మాట్లాడు. నీ కాగితం జేసిన పనే అది."

ఆమె చూడలేదు. "నేను రాసింది ఆటోల మీద. బావిగట్టు మీద పాకురు మీద గాదు," అని వెనక్కి తిరిగింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దారిలో ఆమెకూ తెలిసింది. తెలిసినా వెనక్కిపోయే అలవాటు లేదు.

ఆదివారం పొద్దున ముందుగదిలో బల్ల వేసి, ల్యాప్‌టాప్ పెట్టి, పైన బల్బు వేసింది. బల్బు వెలుగే ఆమెకు కొలత. ఫ్లాపీలను వరసగా పేర్చింది. తల్లితో, "ఇయ్యాల ఈ ఇంట్ల ఏ స్విచ్చూ ముట్టొద్దు. దొడ్లెకు గూడ పోవద్దు. కదలకుండ కూసో," అని గట్టిగా చెప్పింది.

"నిర్మలా, ఒక్క మాట..."

"ఒక్కటి గూడొద్దు."

అప్పుడే వాకిలి తలుపు చప్పుడైంది. చూస్తే వెంకటప్పయ్య, మోతీలాల్, వాళ్ళ వెనక ఊళ్ళో మోటరున్న రైతులంతా ఉన్నారు. వాళ్ళ మధ్యలో, ఎందుకొచ్చానురా దేవుడా అన్నట్టు ముఖం పెట్టుకుని వైండింగు సర్వర్ నిలబడి ఉన్నాడు. అడగకుండానే వచ్చి అరుగు మీద వరసగా కూర్చున్నారు. కిటికీలోంచి గది మొత్తం కనిపిస్తుంది.

"ఏంది?" అంది నిర్మల.

"సాక్ష్యానికొచ్చినం," అన్నాడు వెంకటప్పయ్య. "ఇయ్యాల ఊళ్ళె ఒక్క మోటరు ఎత్తుకోదు. ఆటోలన్ని బంద్ బెట్టించిన. నీ మీద ప్రేమతోని గాదు. రేపు నీ డబ్బా కాలిపోతే మళ్ళ మా పేర్లే రాస్తవు. అందుకని మా కండ్లతోని మేమే జూస్తం. నడుమల ఏమన్నయితే ఎందుకైందో చెప్పనీకి సర్వర్‌ను గూడ పట్టుకొచ్చినం."

"అన్నా, నాకు దుకాణంల పనున్నది, జల్దీ పోవాలె," అన్నాడు సర్వర్. ఆయన చూపు బుల్లెమ్మ మీద ఉంది. బుల్లెమ్మ చూపు దొడ్డి తలుపు మీద ఉంది.

"కూసో సర్వర్ భాయ్," అన్నాడు మోతీలాల్, భుజం పట్టి కూర్చోబెట్టి.

నిర్మలకు ఒళ్ళు మండిపోయింది. ఆమె అడిగింది అడిగినట్టే చేశారు. కానీ చేసిన తీరు చెంపదెబ్బ కంటే ఎక్కువగా ఉంది. పొమ్మందామనుకుంది, అరుగు తనది. కానీ పొమ్మంటే పోయి ఆటోలు వేస్తారు. అందుకని కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.

బల్బు ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. మోటర్ల కరెంటొచ్చింది. ఊరంతా చెవులు రిక్కించింది. ఏ బావి దగ్గరా చప్పుడు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ వేళప్పుడు అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు. బల్బు రెప్ప కొట్టకుండా నిలబడింది.

మొదటి ఫ్లాపీ తోసి, సెటప్ అని కొట్టింది. యంత్రం కర్రుమంది. ఇంగ్లీషులో ఏదో అడిగింది, ఔనంది. ఇంకేదో అడిగింది, దానికీ ఔనంది. కింద నీలం గీత ఒకటి చీమలా పాకడం మొదలుపెట్టింది. అది చివరికి చేరగానే రెండోది పెట్టమంది.

"గంత చిన్న బిళ్ళలు మింగనీకి ఇంతసేపా?" అన్నాడు అరుగు మీద ఎవరో.

"ఆమె దగ్గర ఏదైన అంతే. సుక్క సుక్క పీలుస్తది," అన్నాడు ఇంకొకరు. నవ్వులు. నిర్మల వినలేదన్నట్టు ఫ్లాపీ మార్చింది. ఆ నీలం గీత చివర తన అన్నం ఉంది, ఆ అన్నం వీళ్ళ కళ్ళ ముందు ఉడుకుతోంది. ఆమెకు అంతకంటే అవమానం ఇంకోటి లేదు.

"నిర్మలా, దొడ్లోకి ఒక్కసారి పోయొస్తానే," అని లేచింది బుల్లెమ్మ.

"కూసోమంటి గద!"

"అది కాదే, మోటరు..."

"అమ్మా! మోటరు మాట నా ముందటెత్తకు. ఇంకొక్కసారి లేచినవంటే మంచిగుండదు."

అరుగు మీద సర్వర్ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఎండేమీ లేదు. బుల్లెమ్మ మళ్ళీ ఒకసారి నోరు తెరిచింది. నిర్మల వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి చూపించింది. ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది.

మూడోది అయిపోయి నాలుగోది లోపల తిరుగుతోంది. అప్పుడు వినపడింది. దూరం నుంచి కాదు, తన ఇంటి వెనక, పశువుల కొట్టం పక్కన. ఝుమ్మని ఒక మోటరు ఎత్తుకుంది. బల్బు ఎర్రబడింది. ఒక్క రెప్పపాటు. మళ్ళీ తెల్లగా వెలిగింది. కానీ ఆ రెప్పపాటు చాలు. ల్యాప్‌టాప్ తెర నల్లబడిపోయింది.

తర్వాత తొట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. అరుగు మీద అందరూ ఆ నీళ్ళ చప్పుడే విన్నారు.

వెంకటప్పయ్య లేచి, ఎవరినీ అడక్కుండా దొడ్లోకి పోయాడు, తిరిగొచ్చాడు. "ఆటో. కొత్తది. దానికి టైమరు గూడున్నది," అని సర్వర్ ముఖంలోకి చూశాడు.

సర్వర్ చేతులు జోడించాడు. "అమ్మనే పెట్టమన్నది అన్నా. కరెంటొచ్చిన పావుగంటకు ఎత్తుకునేటట్టు పెట్టమన్నది. గప్పటికి అందరి మోటర్లు తిరుగుతుంటయి గద, ఆ లొల్లిల ఇది ఎవరికీ వినపడదన్నది."

నిర్మల తల్లి వైపు తిరిగింది. రోజూ కరెంటు రాగానే "మోటరేసొస్తా" అని కొట్టం వెనక్కి పోయి, కాసేపు నిలబడి, ఏమీ ముట్టుకోకుండా తిరిగొచ్చిన తల్లి కళ్ళ ముందు మెదిలింది.

"ఏం చేయమంటావే మరి?" బుల్లెమ్మ ఏడుపు గొంతుతో ఎదురు తిరిగింది. "అర్ధరాత్రి కరెంటిస్తే ఆ బావి దగ్గరికి నేను పోవాలా? ఆ వెంకటప్పయ్య పెళ్ళాం పడ్డట్టు పడి చావాలా? నువ్వు పోతావా? ఒక్కరోజు పోయావా? పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాను, ఆపొస్తా ఆపొస్తా అని. నోరెత్తనిచ్చావా?"

నిర్మల తల్లి మీంచి చూపు తిప్పి దొడ్డి తలుపు వైపు చూసింది.

"గురివింద గింజకు తన కింద నలుపు కనపడదంట," అన్నారెవరో అరుగు మీంచి. ఒకరు నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. వెంకటప్పయ్య నవ్వలేదు. కండువా దులిపి భుజాన వేసుకుంటూ, మెల్లగా, అందరికీ వినపడేట్టు అన్నాడు. "రాయి బిడ్డా, కంప్లెయింటు రాయి. సాక్షి సంతకం నేనే పెడత."

సిగ్గుతో ఆమె ముఖం కాలిపోయింది. ఎవరినైనా కొట్టాలనిపించింది, కొట్టడానికి తాను తప్ప ఎవరూ కనపడలేదు. లేచి దొడ్లోకి పోయి, మెయిను తీసి, ఆ డబ్బా తీగలు పీకి, దాన్ని పేడకుప్ప మీదికి విసిరి, మెయిను మళ్ళీ వేసింది. తిరిగొచ్చి ల్యాప్‌టాప్ స్విచ్చు నొక్కింది. తెర కాసేపు చీకటిగానే ఉంది. తర్వాత తెల్లటి అక్షరాలు వచ్చాయి. కిందటిసారి పని మధ్యలో ఆగింది, మళ్ళీ మొదలుపెట్టమంటావా అని అడుగుతోంది. చావలేదు. కానీ మొదటినుంచీ రావాలి. మొదటి ఫ్లాపీ నుంచి.

అరుగు మీద వాళ్ళు అప్పటికే లేస్తున్నారు. ఆమె గడప దాకా వచ్చింది.

"మామా," అంది.

ఆయన ఆగాడు. నాలుగేళ్ళకు విన్నాడు ఆ మాట.

"ఇంకొక్క గంట..."

"నా మిరపకు తడెవడు బెడతడు?" అన్నాడాయన. "నీ అమ్మ తొట్టి నిండింది. మా చేలు ఎండుతున్నయి." అందరూ ఆయన వెనకే వెళ్ళిపోయారు. సర్వర్ అందరికంటే ముందు వెళ్ళాడు.

ఇంక ఆశ లేదనుకుంది. ఇప్పుడు పోయి అందరూ ఆటోలు వేస్తారు, ఫ్యూజు ఢామ్మంటుంది, రేపు స్టేషన్ రోడ్డువాళ్ళు తన కుర్చీలో కూర్చుంటారు. అయినా ఊరికే కూర్చోవడం చేతకాక మొదటి ఫ్లాపీ తోసింది. యంత్రం కర్రుమంది.

వెంకటప్పయ్య చేలోంచి ఒక మోటరు లేచింది. తన ఇంటి తీగ మీదిది కాదు కాబట్టి బల్బు వెలుగు కాస్తే తగ్గి, మళ్ళీ నిలదొక్కుకుంది. తెర ఆరలేదు. ఆమె రెండోదాని కోసం చూసింది. అది వెంటనే రాలేదు. మొదటిది కుదురుకుని ఒకే గొంతుతో తిరుగుతున్నాక, తుమ్మల అవతల మోతీలాల్ చేలోంచి రెండోది లేచింది. అది కుదురుకున్నాక మూడోది. ఇక్కడ యంత్రం రెండో ఫ్లాపీ అడిగింది. అక్కడ నాలుగో మోటరు ఎత్తుకుంది. ఒక్కటీ ఇంకోదాని మీద పడలేదు.

"అక్కా! చేత్తోనే ఏస్తున్నం! మళ్ళ రాసేవు!" అని కంచె అవతలి నుంచి మోతీలాల్ కేక వినపడింది.

నాలుగేళ్ళ కింద కాగితంలో ఆమె అడిగింది ఇదే. చేత్తో, ఒకదాని తర్వాత ఒకటి. ఇది దయో, ఇంకో సాకు దొరక్కుండా చేసిన పనో ఆమెకు తెలియలేదు. దయ అయితే ఆమె భరించలేదు. కక్ష అయితే ఇంతకంటే గట్టి దెబ్బ ఎవరూ కొట్టలేదు. ఫ్లాపీలు మారుస్తూ, ఒక్కో మోటరు లేచినప్పుడల్లా బల్బు వైపు చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. తుడుచుకుంటున్నది కోపంతోనే అని తనకు తాను చెప్పుకుంది.

చివరి ఫ్లాపీ బయటకొచ్చాక ల్యాప్‌టాప్ ఆరి, మళ్ళీ వెలిగింది. తెరమీద మబ్బులు కనపడ్డాయి. ఆ తర్వాత ఎన్నడూ చూడని కొత్త బొమ్మలు, కింద మూలన ఒక మీట. ఆనందమే వేసింది. చెప్పుకోవడానికి ఊళ్ళో ఒక్క మనిషీ లేడు. తల్లి వంటింట్లో ముఖం తిప్పుకుని అన్నం వార్చుతోంది.

సాయంత్రంలోగా ప్రశ్నపత్రం కొత్తదాంట్లో కొట్టడం ముగించింది. సోమవారం పొద్దున మొదటి బస్సుకు పోతూ వెంకటప్పయ్య ఇంటి ముందు ఆగింది. ఆయన భార్య కర్ర పట్టుకుని గడపలోకి వచ్చింది. నిర్మల ఈసారి ఆ కాలు చూసింది. నిండా చూసింది. తర్వాత, బయటికొచ్చిన వెంకటప్పయ్య చేతిలో ఒక కాగితం పెట్టింది.

"సాక్షి సంతకం పెడతన్నవు గద మామా. పెట్టు."

ఆయన వెలుగులోకి జరిగి చదివాడు. బుల్లెమ్మ గారి బావికి దొంగతనంగా ఆటో, టైమరు బిగించిన సంగతి మీద కరెంటు ఆఫీసుకు ఫిర్యాదు. కింద కె. నిర్మలాదేవి అని సంతకం. రెండుసార్లు చదివి, మడిచి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"మేం పెట్టం."

"నిన్న అన్నవు గద?"

"అన్న. కోపంల అన్న. మన ఊరోళ్ళ మీద మేం రాయం బిడ్డా. అది నీ అలవాటు, మాది గాదు."

ఇన్నేళ్ళలో ఊరు ఆమెను ఎన్ని మాటలన్నదో లెక్క లేదు. ఏ మాటకైనా పదింతలు తిరిగి ఇచ్చేది. ఈ ఒక్కదానికి మాత్రం ఇవ్వడానికి ఏమీ లేక, బస్సు హారను వినపడితే పరుగెత్తింది. కిటికీ పక్కన కూర్చుని జూలూరుపాడు దాకా బయటికే చూసింది. అక్కడ బస్సు ఆగితే దిగి, సాక్షి సంతకం లేకుండానే ఆ కాగితం పోస్టు డబ్బాలో వేసి ఎక్కింది.

ఖమ్మంలో వెంకటరామారావు పేపరు తెరిచి చూసి, "ఊఁ, తెరుచుకుంది," అన్నాడు. అదే మెచ్చుకోలు. ఈసారి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. పని నిలిచింది, ఆమె అడిగింది అంతే.

కొన్నాళ్ళకు కరెంటు ఆఫీసువాళ్ళు జీపులో వచ్చారు. కాగితంలో ఎవరి బావి ఉందో ఊరికి తెలుసు కాబట్టి ఏ వాకిట్లోనూ ఎవరూ ఆటో దాచుకునే కంగారు పడలేదు. జీపు నేరుగా నిర్మల ఇంటికే పోయింది. వాళ్ళు కొట్టం వెనకంతా వెతికారు. పేడకుప్పలోంచి ఆమే ఆ డబ్బా తీసి, నీళ్ళతో కడిగి, లైన్‌మన్ చేతికిచ్చింది. జుర్మానా కట్టింది. ఊరంతా అరుగుల మీద నిలబడి చూసింది.

కొత్తగా వచ్చిన లైన్‌మన్‌కు ఊరి సంగతులు తెలియవు. చలాను చింపి ఇస్తూ జాలిగా, "ఎవరమ్మా నీ మీద రాసింది? ఊళ్ళె నీకెవరైన పడనోళ్ళున్నరా?" అని అడిగాడు.

"ఈ ఊళ్ళె రాసేటోళ్ళు ఎవరూ లేరయ్యా," అంది నిర్మల. "నేనొక్కదాన్నే."